తగ్గించుకున్నానన్న గర్వాన్ని ఏం చేసుకోవాలి?

బాబూ, వందనాలు. నీ వయసు 28 అని రాశావు. మా చిన్నవాడు నీకంటే మూడేళ్ళు పెద్ద. అందుకే చనువు తీసుకుని నువ్వు అనే రాస్తున్నాను.

నువ్వడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఐదేళ్ళుగా సంఘంలో యూత్ సెక్రటరీగా ఉన్నావు. మొన్న క్రిస్మస్‌కి స్టేజీ, లైట్లు, పిల్లల నాటిక, ప్రేమవిందు అన్నీ నీ చేతుల మీదుగానే జరిగాయి. చివర్లో కృతజ్ఞతలు చెప్పేటప్పుడు కీబోర్డు వాయించిన అబ్బాయి మొదలు షామియానా వేసినతని వరకు అందరి పేర్లూ వచ్చాయి, నీ పేరు తప్ప. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పట్టనందుకు సిగ్గేసింది. ‘పోనీలే, దేవుడు చూశాడు’ అని సర్దిచెప్పుకున్నావు. పది నిమిషాలు తిరక్కుండా ‘నేనెంత తగ్గించుకున్నానో’ అన్న సంబరం లోపల్నుంచి తన్నుకొచ్చింది. దాంతో నీ మీద నీకే అసహ్యం వేసింది. పరిచర్య మానేయాలా, నిజమైన తగ్గింపు, అంటే వినయం, నేర్చుకునే దారి ఏదైనా ఉందా, ఈ సంగతి పాస్టరుగారికి చెప్పాలా వద్దా అన్నవి నీ మూడు ప్రశ్నలు.

మొదటిదానికి జవాబు ఒక్క ముక్కలో చెప్తాను. మానేయొద్దు. మిగతా రెండింటికీ కాస్త ఓపిక కావాలి. నేను బైబిలు కాలేజీలో చదవలేదు. స్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ, 35 ఏళ్ళ పాటు సంఘంలో సండే స్కూలు, సెక్రటరీ పని, ట్రెజరర్ పని, పాస్టరుగారు ఊళ్ళో లేనప్పుడు వాక్యం చెప్పడం, ఇలా అన్నీ చేశాను. ఈ జబ్బు పడి లేచినవాడి జవాబు అనుకుని చదువు. పూర్తిగా లేచానని కూడా అనను.

నాకు ముప్పై ఏళ్ళప్పుడు మా సంఘంలో మూడు రోజుల ఉజ్జీవ కూటాలు పెట్టాం. కరపత్రం ప్రూఫు చూడడానికి సెక్రటరీ హోదాలో నేనే ప్రెస్సుకి వెళ్ళాను. అప్పట్లో ట్రెడిల్ మిషను, సీసపు అక్షరాలు. కంపోజిటర్ పెద్దాయన, కళ్ళద్దాలు జారకుండా దారం కట్టుకున్న మనిషి, నా పేరు అడుగున సౌండు సిస్టమ్ వాళ్ళకి కాస్త పైన పెట్టాడు. ‘వరుస తప్పిందండీ, ఇది అధ్యక్షులవారి కింద రావాలి’ అన్నాను. పైకి జరిపాక అక్షరాలు చిన్నవిగా ఉన్నాయనిపించింది. లావు అక్షరాలు వెయ్యమన్నాను. ఆయన విసుక్కోకుండా ఒక్కొక్క అక్షరమే తీసి మళ్ళీ పేర్చాడు. పేరుస్తూ పేరుస్తూ, ‘మాస్టారూ, పైనుంచి చదివినా కిందనుంచి చదివినా మీటింగు ఏడింటికేగా’ అన్నాడు. వేళాకోళం కూడా లేదు ఆ గొంతులో.

కూటాల మొదటి రాత్రి వేదిక మీద ప్రార్థన నాదే. ‘అల్పుడను, అయోగ్యుడను, ఎన్నిక లేని నన్ను’ అంటూ గొంతు వణికింది. ఆ వణుకు నటన కాదు, ఒట్టు. అయితే లావు అక్షరాలు అడిగింది కూడా ఆ నోరే. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయని అప్పుడు నాకు తోచనే లేదు.

మన సంఘాల్లో తగ్గింపు అన్న మాట రోజూ వింటాం. తగ్గింపు స్వభావం, తగ్గింపు జీవితం. గుడి బయట అదే మాట ఎక్కడ కనిపిస్తుందో చూశావా? బట్టల షాపు మీద. ఆషాఢం తగ్గింపు ధరలు. వెయ్యి రూపాయల చీరకి ముందు రెండు వేల చీటీ అంటిస్తారు, ఆ తర్వాత దాని మీద ఎర్రగీత కొట్టి ‘సగం ధరకే’ అంటారు. గీత కొట్టినా పాత అంకె కనబడుతూనే ఉండాలి, లేకపోతే బేరం లేదు. నా వేదిక ప్రార్థన అచ్చం అదే. లోపల నాకు నేను పెట్టుకున్న ధర ఒకటి ఉంది, దాని మీద అందరి ముందూ గీత కొట్టాను. ఎవరైనా లేచి ‘అవునండీ, మీరు నిజంగానే అయోగ్యులు’ అని ఉంటే ఊరుకునేవాణ్ణా? నీ పది నిమిషాల సంబరం కూడా ఈ జాతిదే. దానికంత అసహ్యపడక్కర్లేదు. నువ్వొక్కడివే కాదు, వేదిక ఎక్కినవాళ్ళలో అది రానివాళ్ళను నేను పెద్దగా చూడలేదు.

అయితే దాన్ని పట్టుకోవడానికి లోపలికి తొంగి చూస్తూ కూర్చోవడం మాత్రం మందు కాదు. గర్వపడేవాడు అద్దం ముందు నిలబడి నవ్వుకుంటాడు, నువ్వు అదే అద్దం ముందు మొహం చిట్లించుకుంటున్నావు. అద్దం ముందు నుంచి మాత్రం ఇద్దరూ కదల్లేదు. పౌలు కొరింథువాళ్ళకు రాస్తూ, మీరు నన్ను విమర్శించడం నాకు చాలా చిన్న సంగతి అంటాడు. అంతవరకూ మనమూ అనగలం, మొండితనం ఉంటే చాలు. ఆ వెంటనే ‘నన్ను నేనే విమర్శించుకొనను’ అంటాడు (1 కొరింథీ 4:3). ఇతరుల తీర్పు పట్టించుకోనివాళ్ళు చాలామంది ఉంటారు. తన మీద తానిచ్చుకునే తీర్పును కూడా పక్కన పెట్టి పని చూసుకునేవాళ్ళు తక్కువ. నువ్వు రాత్రంతా కూర్చుని రాసుకున్నది ఆ తీర్పే.

అలా పక్కన పెట్టగలగడానికి ధైర్యం ఎక్కడిదంటే, నాకు యోహాను సువార్త 13వ అధ్యాయం గుర్తొస్తుంది. యేసు శిష్యుల పాదాలు కడిగిన సంగతి మనకు కంఠోపాఠం. దానికి ముందున్న వాక్యాన్ని దాటేసి వెళ్ళిపోతాం. తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడనీ, తాను దేవుని దగ్గర్నుంచి వచ్చాడనీ, దేవుని దగ్గరికే వెళ్ళాలనీ యేసు ‘ఎరిగి’, భోజనపంక్తిలోనుంచి లేచి, తువాలు నడుముకు కట్టుకున్నాడు. తానెవరో తెలియక కట్టుకున్న తువాలు కాదది. తానెవరో బాగా తెలుసు కాబట్టి ఆ తువాలు వల్ల తనకేదో తగ్గిపోతుందన్న భయం లేదు. ఆ పన్నెండు జతల పాదాల్లో తనను పట్టివ్వబోయే యూదావి కూడా ఉన్నాయి. అతడు లేచి వెళ్ళింది ఆ తర్వాతే.

మనకు మాత్రం తువాలు పట్టుకోగానే టెన్షన్. ఎవరైనా చూస్తున్నారా, చూస్తే ఏమనుకుంటున్నారు, చూడకపోతే ఎందుకు చూడలేదు. ఒక పెద్ద గురువారం, అంటే గుడ్ ఫ్రైడే ముందురోజు, మా దగ్గర పాదాలు కడిగే ఆరాధన పెట్టారు. పన్నెండుమందిని వారం ముందే ఎంచి చెప్పాం. పన్నెండుమందీ ఇంట్లో సబ్బుతో శుభ్రంగా కాళ్ళు కడుక్కుని, కొందరు గోళ్ళు కూడా తీయించుకుని వచ్చారు. కడిగేవాడికి మురికి లేదు, కడిగించుకునేవాడికి సిగ్గు లేదు, ఫొటోగ్రాఫరు ‘కాస్త ఇటు తిరగండి సార్’ అంటున్నాడు. తిరిగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

తన్ను తాను మరచిపోవడం అంటే ఎలా ఉంటుందో నేను దగ్గర్నుంచి చూసింది వేరే చోట. మా పాత గుడిలో బెంచీలుండేవి కావు, జంబుఖానాలు పరిచేవాళ్ళం. శనివారం సాయంత్రం వాటిని దులిపి, గుడి ఊడ్చి, ఆదివారం పొద్దున పరిచే పని ఒక పెద్దావిడది. అందరం మామ్మ అనేవాళ్ళం. ఆవిడలో సాధుత్వం ఏమీ కనిపించేది కాదు. నోరు పెద్దది. బురద కాళ్ళతో వచ్చిన పిల్లల్ని చీపురు తిరగేసి తరిమేది. సైకిల్ని వరండా ఎక్కించినందుకు ఒకసారి పాస్టరుగారినే కడిగేసింది. నువ్వు చూసుంటే ‘ఈవిడకి తగ్గింపు లేదు’ అనేవాడివి. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

సంఘ వార్షికోత్సవానికి ఆవిడకి చీర పెట్టాలని కమిటీలో తీర్మానం చేశాం. మైకులో పిలిచింది నేనే. రెండుసార్లు పిలిచాను. వెనకనుంచి ‘ఇప్పుడెక్కడ వచ్చేది మాస్టారూ, పిల్లల చెప్పులు వానలో తడుస్తుంటే’ అని అరిచి బయటికి పోయింది. జనం నవ్వారు. నేను వాక్యానికి కట్టుబడి, ‘చూశారా సహోదరులారా, ఎంత తగ్గింపో’ అని రెండు నిమిషాలు ప్రసంగం చేశాను. తెల్లారి ఆవిడ మా ఇంటికొచ్చి, ‘ఏదీ నా చీర?’ అని అడిగి తీసుకుంది. అంచు బాగుందా లేదా అని వెలుతురులో పట్టుకుని చూసుకుంది. ఈస్టరుకి కట్టుకుని, కనబడినవాళ్ళకల్లా ‘సంఘం వాళ్ళు పెట్టారు’ అని చూపించింది.

నేను మైకులో మెచ్చుకున్న సంగతి ఆవిడకి వినబడలేదు కూడా. ఆవిడ సన్మానాన్ని తిరస్కరించలేదు, ఆ నిమిషంలో చెప్పులు తడుస్తున్నాయి, అంతే. చీర వస్తే సంతోషం, చెప్పులు తడిస్తే పరుగు. మధ్యలో ‘నేనేం అనిపిస్తున్నాను’ అన్న లెక్క లేదు. సీనాయి కొండ దిగి వచ్చిన మోషే ముఖం మెరుస్తోంది, ఆ సంగతి అతనికే తెలియదని నిర్గమకాండం 34లో ఉంది. మత్తయి 25లో కుడివైపున్నవాళ్ళు, ఆకలైనప్పుడు నాకు అన్నం పెట్టారన్న రాజుతో, ‘ఎప్పుడు చేశాం ప్రభువా?’ అని నిజంగానే తెల్లబోతారు. వాళ్ళ దగ్గర చిట్టా లేదు. అవి చదివినప్పుడల్లా నాకు ఆ జంబుఖానాల దుమ్ము గుర్తొస్తుంది.

ఇక్కడే ఒక సంగతి ఒప్పుకోవాలి. మామ్మ తగ్గింపును అంత మెచ్చుకున్న మేము, ఆవిణ్ణి ఒక్కనాడైనా కమిటీలో కూర్చోబెట్టామా? లేదు. ‘మీకు నడుంనొప్పిగా ఉందేమో, ఈ పని ఇంకెవరైనా చేస్తారా’ అని అడిగామా? అదీ లేదు. ప్రేమవిందు అంట్లు, వంట, ఊడ్పు ఆడవాళ్ళకు వదిలేసి, మైకు మాత్రం మేం పట్టుకుని, వాళ్ళ తగ్గింపును పొగిడాం. పైనున్నవాడు కిందివాడికి ‘తగ్గించుకో’ అని చెప్పడం చాలా సులువు. మన తెలుగు సంఘాల్లో ఎక్కువమంది తాతముత్తాతలు ఊరి బయట వాడల్లోంచి వచ్చినవాళ్ళు. తరతరాలుగా తలవంచుకుని నిలబడ్డవాళ్ళు. వాళ్ళకు సువార్త మొదట చెప్పింది తలెత్తమనే. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటి ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది తోళ్ళపని చేసుకునే మాదిగ కుటుంబాలవాళ్ళు. అప్పటికి రెండేళ్ళుగా కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వాళ్ళకు కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ రోజు నీళ్ళలోకి దిగి వంతులవారీగా ఇద్దరిద్దరు చొప్పున బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు బోధకులు. క్లౌ పేరు ఒంగోలు వైపు ఎవరినడిగినా చెప్తారు. ఆ ఆరుగురి పేర్లు నేను సండే స్కూల్లో ఇరవై ఏళ్ళు పాఠం చెప్పి కూడా పిల్లలకు ఒక్కసారీ చెప్పలేదు. అక్కడ కృతజ్ఞతల జాబితా రాసేవాడు ఎవరన్నది నువ్వే ఆలోచించు.

కాబట్టి తగ్గింపు అంటే తనను తాను తక్కువ చేసి మాట్లాడుకోవడం అనుకుంటే మొదటికే మోసం. విలియం కేరీ గురించి ఒక సంగతి చెప్తారు. ఇంగ్లండులో చెప్పుల పని చేసి, మిషనరీగా ఇక్కడికొచ్చి కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో భాషలు చెప్పే ప్రొఫెసరైన మనిషి. మన తెలుగు కొత్త నిబంధన శ్రీరాంపూర్‌లో 1818లో అచ్చయిందంటే అది ఆయన పూనికే. గవర్నర్ జనరల్ ఇచ్చిన విందులో ఒక సైనికాధికారి, కేరీకి వినబడేలా, ‘ఈయన ఒకప్పుడు బూట్లు కుట్టేవాడట కదా’ అని పక్కవాణ్ణి అడిగాడు. కేరీ కల్పించుకుని, ‘కాదండీ, కుట్టేవాణ్ణి కూడా కాదు, పాతవి బాగుచేసేవాణ్ణి’ అన్నాడట. నాకు ఆ జవాబులో నచ్చేది దాని మామూలుతనం. మొహం ఎర్రబడలేదు, ‘దేవుడు నన్నెక్కడ్నుంచి ఎక్కడికి తెచ్చాడో చూడండి’ అని సాక్ష్యం మొదలుపెట్టలేదు. తప్పు సమాచారాన్ని సరిచేసి అన్నం తిన్నాడు. చెప్పుల పనిని తిట్టుగా వాడే మన దేశంలో ఆ మామూలుతనం విలువ ఇంకా ఎక్కువ.

పౌలు సంగతీ అంతే. ‘అపొస్తలులందరిలో తక్కువవాడను’ అన్నాడు, ఆ తర్వాత ‘పరిశుద్ధులందరిలో అత్యల్పుడను’ అన్నాడు, చివరికి పాపుల్లో ‘ప్రధానుడను’ అన్నాడు, చూడండి ఎలా తగ్గుతూ వచ్చాడో అని మన ప్రసంగాల్లో తరచూ వింటాం. నేనూ చెప్పాను. కానీ మొదటి మాట అన్న చోటే, ఒక్క వచనం తర్వాత, ‘వారందరికంటె నేనెక్కువగా ప్రయాసపడితిని’ అని ఉంది (1 కొరింథీ 15:10). ఆ పని చేసింది తనకు తోడైన దేవుని కృపే అని అక్కడే అంటాడు. అయినా తాను పడ్డ కష్టాన్ని పడలేదని మాత్రం అనడు. నువ్వు క్రిస్మస్ పని చేశావు. చేయలేదని అనుకోవాల్సిన పనిలేదు. ‘నేనేం చేశానండీ’ అన్నది వినయం కింద చెలామణీ అయ్యే చిన్న అబద్ధం.

ఇంకొకటి. త్యాగం చేసినంత మాత్రాన తనను తాను మరచిపోయినట్టు కాదు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సమావేశం జరిగింది. అక్కడ వేదనాయకం సామ్యూల్ అజరయ్య మాట్లాడాడు. తిరునెల్వేలి మనిషి, తెలుగు నేర్చుకుని దోర్నకల్‌లో సేవ చేస్తున్నాడు. రెండేళ్ళ తర్వాత, 1912లో, అక్కడికే బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన మిషనరీలు, పిల్లల్ని ఈ నేలలో పాతిపెట్టినవాళ్ళూ వాళ్ళలో ఉంటారు. వాళ్ళతో ఆయన అన్నదాని సారాంశం ఇది: బీదల కోసం మీ ఆస్తులు ఇచ్చారు, కాల్చబడడానికి మీ శరీరాలు ఇచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి. అన్నీ ఇచ్చినవాళ్ళు కూడా ఇచ్చే చేతిని పైనే ఉంచారు. అది వాళ్ళకు కనబడలేదు. పక్కన కూర్చోవడం ప్రాణం ఇవ్వడం కంటే కష్టం కాబోలు. నువ్వు క్రిస్మస్‌కి పదిహేను రాత్రులు నిద్రమాని పనిచేశానన్నావు. నీతో పనిచేసిన యూత్ పిల్లల్లో ఎంతమంది ఇళ్ళకి వెళ్ళి టీ తాగావో కూడా ఒకసారి చూసుకో.

నాకు అసలు పాఠం దొరికింది చేస్తున్నప్పుడు కాదు, చేయించుకుంటున్నప్పుడు. ఆరేళ్ళ క్రితం బాత్‌రూమ్‌లో జారి తుంటి విరిగింది, ఆపరేషన్ అయింది. మా ఆవిడకి జ్వరం, పిల్లలు దూరం. రెండో రాత్రి తోడుండటానికి సంఘం నుంచి ఒకతను వచ్చాడు. అతన్ని చూసి నాకు గుండె జారింది. అతనితో నాకు నాలుగేళ్ళుగా మాటల్లేవు. కోతకాలపు పండుగ లెక్కలు చదువుతుంటే అతను లేచి, ‘మాస్టారూ, వంద రూపాయలు తేడా వస్తోంది’ అన్నాడు. ‘నన్నే అనుమానిస్తావా’ అని నేను ఫైలు బల్ల మీద విసిరేశాను. అదే రాత్రి ఇంట్లో కూర్చుని మళ్ళీ కూడి చూశాను. పదుల వరుస నుంచి వందల వరుసకి ఒకటి కలపడం మర్చిపోయాను. మూడో తరగతి పిల్లలకి నేను చెప్పే పాఠం. నా జేబులోంచి వంద వేసి లెక్క సరిచేశాను కానీ అతనికి చెప్పలేదు. లెక్కల మాస్టారు కూడికలో తప్పాడంటే ఎలా?

ఆ రాత్రి బెడ్‌పాన్ అవసరం పడింది. నేను బిగుసుకుపోయి, ‘నర్సుని పిలువు’ అన్నాను. ‘నర్సుకి ఇంకా పదహారు మంది ఉన్నారు మాస్టారూ, కాస్త నడుం ఎత్తండి’ అన్నాడు. పేతురు యేసుతో ‘నీవెన్నడును నా పాదములు కడుగరాదు’ అన్నది భక్తి వల్ల అని చాలాసార్లు ప్రసంగం చేశాను. ఆ మంచం మీద తెలిసింది, అందులో సగం పరువు. అతను పని చేశాడు, కడిగాడు, తువాలు తెచ్చి తుడిచాడు, దుప్పటి సర్దాడు. పని చేస్తున్నంతసేపూ అతని కళ్ళు పని మీదే ఉన్నాయి, నా మొహం మీద లేవు. నన్ను ఓడించానన్న తృప్తి కోసం వెతికాను, కనబడలేదు. తెల్లవారుజామున ఆ వంద రూపాయల సంగతి చెప్పాను. ‘తెలుసు మాస్టారూ, నేనూ కూడి చూశాను కదా’ అన్నాడు. నాలుగేళ్ళు తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు.

సరే, ఇప్పుడు నువ్వేం చేయాలి. నాకు పనికొచ్చినవి చెప్తాను, నీకు సరిపోయినవే తీసుకో.

ఎవరైనా మెచ్చుకుంటే ‘సంతోషం అండీ’ అని అక్కడితో ఆపెయ్. ‘అంతా దేవుడే, నేనెంతవాణ్ణి’ అని సాగదీస్తే వాళ్ళు ఇంకోసారి మెచ్చుకోవాల్సి వస్తుంది. అది రెండో విడత వసూలు. తప్పు జరిగితే ‘నాదే’ అని చెప్పి, కారణాలు చెప్పకు. కారణాలు ఎంత నిజమైనా చెప్పకు. ఇది నాకు ఇప్పటికీ కష్టమే.

ఎవరికీ తెలియకుండా ఏదో ఒక పని పెట్టుకోమని పెద్దలు చెప్తారు, కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న మాటని బట్టి. మంచిదే, కానీ జాగ్రత్త. నేను ఆర్నెల్లు రహస్యంగా ప్రభురాత్రి భోజనం గ్లాసులు కడిగాను. ఏడో నెల వచ్చేసరికి, ‘ఇది ఎవరికీ తెలియదు’ అన్న సంగతే నాకు మిఠాయి అయింది. ఎడమచెయ్యి అంతా వినేసింది. ఆ తర్వాత ఇంకొకతన్ని తోడు పిలుచుకున్నాను. కబుర్లు చెప్పుకుంటూ కడుగుతుంటే లెక్క మర్చిపోయేవాణ్ణి. నన్నడిగితే రహస్యం కంటే కబుర్లే మంచి మందు.

నీ పదవిలో నీ తర్వాతివాణ్ణి ఇప్పుడే తయారు చెయ్. వచ్చే క్రిస్మస్‌కి మైకు, బడ్జెటు అతనికిచ్చి, నువ్వు కుర్చీలు, భోజనాల పంక్తి చూడు. అతను నీకంటే బాగా చేస్తే నీకు లోపల ఏదో గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటుందని ముందే తెలిసుంటే భయపడవు. పేరు చదవబడిన ఆ కీబోర్డు అబ్బాయి కోసం రోజూ పేరు పెట్టి ప్రార్థన చెయ్. ‘ప్రభువా, నాకు అసూయ తీసెయ్’ అని కాదు, అందులో మళ్ళీ నువ్వే ఉన్నావు. అతని పరీక్షలేంటి, ఇంట్లో ఇబ్బందేంటి, అవి కనుక్కుని వాటి కోసం ప్రార్థన చెయ్. వారం తిరిగేసరికి అతను నీకు పోటీగా కాదు, మనిషిగా కనబడతాడు.

తగ్గింపు పేరుతో నోరు మూసుకోకూడని చోట్లు కూడా ఉన్నాయి. లెక్కలు తేడా వస్తే అడగాలి. ఒక ఆడపిల్ల ఇబ్బంది చెప్పుకుంటే నిలబడాలి. అప్పుడెవరైనా ‘తమ్ముడూ, నీకు తగ్గింపు లేదు’ అంటే అననీ. నన్ను అడిగినవాడికే ఆ బిరుదు ఇచ్చినవాణ్ణి నేను. అది ఎందుకిస్తారో నాకు బాగా తెలుసు.

ఇక పాస్టరుగారి సంగతి. చెప్పు. ఆధ్యాత్మిక రంగులేమీ వేయకుండా, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, ‘అయ్యగారూ, ఆ రోజు నా పేరు రాకపోతే నాకు బాధేసింది, లోపల పెట్టుకోవడం ఇష్టం లేక చెప్తున్నాను’ అని ఒక్కసారి చెప్పి వచ్చెయ్. బాధపడలేదని నటించడం కంటే అది చిన్న పని. మా దగ్గర కూడా ఒకసారి ఇలాగే ఒకతని పేరు రాలేదు. ఆర్నెల్లు గుడికి రావడం మానేశాడు. చివరికి నేను పాత ఫైళ్ళు సర్దుతుంటే ఆ రోజు మైకులో చదివిన కృతజ్ఞతల చీటీ దొరికింది. కాగితం వెనకవైపు మొదటి పేరు అతనిదే. చదివినతనికి తిప్పి చూడాలని తోచలేదు. ఆ చదివినది నేనే.